ఎముక విరిగినదో లేదో కంప్యూటరు చెప్పగలదా?



మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఎముకలు విరిగే దారులు లెక్కలేనన్ని. ఉద్దానములో కొబ్బరిచెట్టు మీదనుండి జారినవారు, తాటిచెట్టు మీదనుండి పడినవారు, జాతీయ రహదారి మీద మోటారు సైకిలు బోల్తాపడినవారు, వానాకాలములో బోరింగు దగ్గర పాచి మీద కాలు జారిన ముసలి తల్లులు, గాలిపటము వెంట డాబా మీద పరుగెత్తిన పిల్లలు. సంఘములలో ఇండ్లు దర్శించునప్పుడు ఏ వీధిలోనైనా ఒక చేతి కట్టో, కాలి కట్టో మాకు కనపడుతూనే ఉంటుంది. వారు చెప్పుకొనే బాధలలో ఒక మాట మాత్రము మరల మరల వింటాము. "ఫొటో తీసేరు అయ్యగోరూ, ఏటీ నేదన్నారు. మరి సెయ్యి ఎత్తనేకపోతన్నాను."

ఈ వ్యాసము ఆ మాటను గూర్చినదే. ఫొటోలో ఏమీ లేదు. చేయి మాత్రము లేవదు. ఇటువంటి చోట కంప్యూటరు సహాయము చేయగలదని ఈమధ్య పత్రికలలో వస్తున్నది. మన ఇంజినీరింగు కాలేజీలలో చదివే పిల్లలు కూడా ఎక్స్‌రేలో ఎముక విరుగును కంప్యూటరుతో కనిపెట్టుట అనే విషయమును చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా తరచు ఎన్నుకొంటున్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు మాత్రము అది ఏమిటో తెలియదు. తెలిసినంత మట్టుకు సులువుగా చెప్పాలని మా ప్రయత్నము.

ముందు నాటు కట్టు సంగతి చెప్పుకొందాము, ఎందుకంటే మనవాళ్లలో అనేకులు మొదట వెళ్లేది అక్కడికే. దానిని పూర్తిగా కొట్టిపారవేయుట న్యాయము కాదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. విరిగిన ఎముకకు తనంతట తానే అతుక్కొనే గుణము కలదు. కదలకుండా పట్టి ఉంచితే కొన్ని వారములలో కొత్త ఎముక పుట్టి అతుకు పడుతుంది. ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టు చేసే పని కూడా అదే. కట్టు కట్టేవారికి వచ్చే పేరులో సగము ఆ ఎముకదే అని మా అభిప్రాయము.

అయితే లోపల ముక్కలు ఏ వంకన ఉన్నాయో చేతి స్పర్శకు పూర్తిగా తెలియదు. వంకరగా అతికితే వంకరగానే ఉండిపోతుంది. దానికంటె పెద్ద ప్రమాదము మరొకటి ఉన్నది. వెదురు బద్దలు పెట్టి గట్టిగా బిగించిన తరువాత లోపల వాపు పెరిగితే రక్తము ఆడదు. కండ చచ్చిపోయి, వేళ్లు పక్షి గోళ్లవలె ముడుచుకొని పోతాయి. ఫోల్క్‌మన్ అనే జర్మను వైద్యుడు 1881లోనే దీనిని వివరించాడు. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టు బిగువైనా ఇదే జరుగుతుంది. కట్టు వేసిన చేతి వేళ్లు పాలిపోయినా, నీలముగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు పట్టుకొని చాపితే ప్రాణము పోయేటంత నొప్పి కలిగినా తెల్లవారే వరకు ఆగకూడదు. ఆ రాత్రే కట్టు వదులు చేయించాలి. వ్యాసములో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలును.

ఇక ఫొటో సంగతి. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పట్టణములో విల్హెల్మ్ రాంట్‌జన్ అనే ఆచార్యుడు ఈ కిరణములను కనుగొన్నాడు. అవి ఏమిటో తెలియదు గనుక ఎక్స్ అని పేరు పెట్టాడు. ఆ డిసెంబరులో తన భార్య చేతిని ఫొటో తీస్తే ఎముకలు, వేలికి ఉంగరము కనపడినాయి. 1901లో భౌతిక శాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆయన పేటెంటు తీసుకొనలేదు. తీసుకొని ఉంటే ఈనాడు మన తాలూకా ఆసుపత్రులదాకా ఇది ఎంత ఆలస్యముగా వచ్చేదో! 1896 ఫిబ్రవరి 3న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ఎడ్డీ మెకార్తీ అనే కుర్రవానికి మంచు మీద జారి విరిగిన మణికట్టును ఫొటో తీశారు. దానికి సుమారు 20 నిమిషములు చేయి కదపకుండా ఉంచవలసి వచ్చింది. ఇప్పుడు రెప్పపాటు చాలు.

ఎక్స్‌రే అంటే నీడ తప్ప మరేమీ కాదు. ఎముకలోని సున్నము కిరణములను ఆపుతుంది, కండ అంతగా ఆపదు. అందుచేత ఎముక తెల్లగా, కండ నల్లగా పడుతుంది. నీడకు ఒక లోపమున్నది. లోతు ఉన్న వస్తువును అది పలకమీద బొమ్మవలె చదును చేసివేస్తుంది. ఒక కర్రను ముందునుండి చూస్తే తిన్నగా ఉంటుంది, ప్రక్కనుండి చూస్తేగాని వంపు తెలియదు. చీలిక కూడా అంతే, కిరణము వచ్చే దారికి ఏటవాలుగా ఉంటే ఎముక మీద ఎముక నీడ పడి దాగిపోతుంది. అందుకే ముందునుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, కనీసము రెండు ఫొటోలు తీస్తారు. డబ్బులకొరకు రెండు తీశారని మనవాళ్లు గొణుగుతారు గాని, ఆ గొణుగుడు అనవసరము.

రెండు తీసినా కనపడని చీలికలున్నాయి. పడేటప్పుడు అరచేయి నేలకు ఆనించితే, బొటనవేలి మొదట్లో మణికట్టులో ఉండే స్కాఫాయిడ్ అనే జీడిపిక్కంత ఎముక బీటలు వారవచ్చును. మొదటి రోజు ఫొటోలో అది చాలాసార్లు కనపడదు. పది నుండి పద్నాలుగు రోజుల తరువాత మరల తీస్తే కనపడుతుంది. బెణుకు అనుకొని వదిలివేస్తే ఆ ముక్కకు రక్తము అందక ఎముక చచ్చిపోవచ్చును, ఆ చేయి కొడవలి పట్టడానికి, నీళ్ల బిందె ఎత్తడానికి పనికిరాకుండా పోవచ్చును. ముసలివారి తుంటి ఎముకలో వెంట్రుకవాసి చీలిక కూడా ఇటువంటిదే. మంచము మీద కూర్చోగలరు, రెండడుగులు వేయగలరు, మూడవ రోజున ఎముక పూర్తిగా విడిపోతుంది.

వీటికి తోడు చూచే మనిషి అలసట. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రిలో ఒక్క డ్యూటీ డాక్టరు ఉంటారు. అటు పాము కరచినవాడు, ఇటు కాన్పు. ఫొటోలు చదువుటే పనిగా పెట్టుకొన్న రేడియాలజిస్టు ఆ వేళ ఉండడు. ఇంగ్లాండులో వైద్య పద్ధతులను పరిశీలించే నైస్ అనే ప్రభుత్వ సంస్థ చెప్పిన ప్రకారము, అంత ధనిక దేశములోనే విరిగిన ఎముకలలో నూటికి 3 నుండి 10 వరకు మొదట దృష్టికి రాకుండా పోతున్నాయి. కాబట్టి "ఏటీ నేదన్నారు" అనే మాట విన్నప్పుడు డాక్టరు అబద్ధమాడినాడనీ అనుకొనవద్దు, ముసలమ్మ నటిస్తున్నదనీ అనుకొనవద్దు.

సరిగ్గా ఈ చోట కంప్యూటరు ప్రవేశిస్తుంది. దానికి కన్ను లేదు, లెక్క ఉన్నది. ఈ రోజులలో ఎక్స్‌రే ఫిల్ము మీదకంటె ముందు కంప్యూటరులోనే పడుతున్నది. ఆ బొమ్మ నిజముగా చిన్న చిన్న చుక్కల వరుస. పెద్ద బొమ్మలో అడ్డముగా రెండు వేలు, నిలువుగా రెండున్నర వేల చుక్కలుంటే మొత్తము 50 లక్షలు. ఒక్కొక్క చుక్కకు ఎంత తెలుపో ఒక అంకె ఉంటుంది, నలుపుకు సున్న, పూర్తి తెలుపుకు 4095. మన కన్ను ఇన్ని ఛాయలను వేరుపరచలేదు. కంప్యూటరుకు 2100కు, 2104కు తేడా స్పష్టమే.

పొందూరులో ఖద్దరు నేసేవారిని చూచినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వేల పోగులలో ఒక్క పోగు తెగితే మనకు తెలియదు, నేతగానికి తెలుస్తుంది. బొమ్మలోని పోగులను సరిచూచే పనినే ఇమేజ్ ప్రాసెసింగు అంటారు. మొదట బొమ్మ మీది మచ్చలను తుడుస్తారు. ఒక చుక్క తన చుట్టుప్రక్కల చుక్కలతో బొత్తిగా పొసగకుండా ఉంటే, ప్రక్కవాటిని వరుసలో పెట్టి నడుమనున్న అంకెను దానికి ఇస్తారు. తరువాత మసకగా ఉన్నచోట తెలుపు నలుపుల తేడాను పెంచుతారు. ఆపైన అంచులను వెదకుతారు. పొలములో గట్టు దగ్గర నేల ఎత్తు హఠాత్తుగా మారినట్టు, అంకెలు హఠాత్తుగా మారే చోటు ఎముక అంచు. ఇందుకు జాన్ క్యానీ అనే శాస్త్రవేత్త 1986లో ప్రకటించిన పద్ధతి ఈనాటికీ విద్యార్థులు నేర్చుకొంటున్నారు. గట్టు ఎక్కడైనా తెగితే నీరు పోయినట్టు, ఎముక అంచు తిన్నగా పోతూ మధ్యలో తెగినా, లోపల ఒక గీత అడ్డముగా వచ్చినా అక్కడ అనుమానము ఉన్నదని కంప్యూటరు గుర్తు పెడుతుంది.

చెప్పుటకు బాగున్నది గాని ఈ పద్ధతి ఒక్కటే నమ్ముకొంటే చిక్కులున్నాయి. ఎముకలో ప్రతి గీతా విరుగు కాదు. రక్తనాళము ఎముకలోనికి పోయే సన్నని కాలువ కూడా గీతవలె కనపడుతుంది. ఎదిగే పిల్లల ఎముకల కొనలలో మెత్తని పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఎక్స్‌రేలో అది నల్లని గీతగా పడి అచ్చముగా విరిగినట్టే ఉంటుంది. అంచులు మాత్రమే వెదకే కంప్యూటరు ఏడేళ్ల పిల్లవాని ఆరోగ్యమైన చేతిని చూచి నాలుగుచోట్ల విరిగిందని చెప్పగలదు.

అందుచేత 2012 తరువాత దారి మార్చారు. ఏది విరుగో ఏది కాదో నియమములు వ్రాసి ఇచ్చుట మాని, వేలకొలది ఫొటోలు చూపి నేర్పుట మొదలుపెట్టారు. పిల్లవానికి ఆవును, గేదెను గూర్చి వర్ణన చెప్పి నేర్పము గదా, వీధిలో చూపి ఇది ఆవు, అది గేదె అంటాము, కొన్నాళ్లకు వాడే పోల్చుకొంటాడు. ఇదీ అంతే. దీనినే ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నారు. మేధ అనే మాట కొంచెము ఎక్కువేమో అని మాకు తోస్తుంది. అది చూచినదానినే పోల్చుకొంటుంది, పడినవాని మొగము చూడదు, ఎక్కడ నొప్పి అని అడగదు.

నేర్పుటకు బొమ్మలు కావాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2018లో భుజము నుండి వేలివరకు తీసిన 40,561 ఎక్స్‌రేలను పరిశోధకులందరికీ ఇచ్చారు. అదే సంవత్సరము మరొక బృందము లక్షా ముప్పైయైదు వేల ఎక్స్‌రేల మీద, 18 మంది పెద్ద ఎముకల వైద్యుల చేత గుర్తులు పెట్టించి, ఒక కంప్యూటరు పద్ధతిని తయారుచేసింది. తరువాత దానిని అత్యవసర విభాగములలో పనిచేసే వైద్యుల చేతికిచ్చి పరీక్షించారు. మణికట్టు నిజముగా విరిగిన నూరుగురిలో వైద్యులు ఒంటరిగా సుమారు 81 మందిని పట్టుకొన్నారు. కంప్యూటరు ప్రక్కన ఉన్నప్పుడు 91 లేక 92 మందిని పట్టుకొన్నారు. విరగనివారిని విరిగిందని పొరబడుట కూడా తగ్గింది. ఈ అంకెలను రెండు వైపులనుండి చదవాలి. పదిమంది అదనముగా మేలు పొందారు, నిజమే. కంప్యూటరు ఉన్నా ఎనిమిది తొమ్మిదిమంది "ఏటీ నేదు" అనిపించుకొని ఇంటికి వెళ్లేవారే.

2018 మే 24న అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ పెద్దవారి మణికట్టు విరుగును గుర్తించే ఆస్టియోడిటెక్ట్ అనే కంప్యూటరు సాధనమునకు అనుమతి ఇచ్చింది. ఎడ్డీ మెకార్తీ మణికట్టు ఫొటోకు, దీనికి మధ్య 122 ఏండ్లు. 2025లో ఇంగ్లాండులోని నైస్ సంస్థ నాలుగు సాధనములను వాడవచ్చునని చెప్పింది, కాని ఒక షరతు పెట్టింది. ప్రతి ఫొటోను మనిషి కూడా చూడాలి, కంప్యూటరు చెప్పినది తోడుకు మాత్రమే.

మన దేశమువారు ఈ పనిలో వెనుకబడలేదు. ముంబయికి చెందిన క్యూర్ ఏఐ సంస్థవారు మన దేశములో సుమారు 20 కేంద్రములనుండి 3,13,318 తల స్కానులను సేకరించి, తలలో రక్తస్రావమును, పుర్రె విరుగును గుర్తించే పద్ధతిని తయారుచేసి 2018లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసములో మొదటి పేరు శశాంక్ చిలంకుర్తి. తల స్కాను అంటే సి.టి. స్కాను. 1971లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ లండనులో మొదటి రోగికి తీసినది ఇదే. శరీరమును పొరలు పొరలుగా చూపుతుంది గనుక ఎక్స్‌రేలో ఉన్న నీడ మీద నీడ బాధ దీనికి లేదు. విరిగిన పుర్రె స్కాను ఒకటి, విరగనిది ఒకటి ఇచ్చి ఏది అనుమానాస్పదమో చెప్పమంటే వారి కంప్యూటరు నూటికి 92 నుండి 96 సార్లు సరిగా చెప్పగలిగింది. హెల్మెట్టు లేకుండా మోటారు సైకిలు తోలే మన యౌవనస్థుల తండ్రులు ఈ సంగతి ఒకసారి వారికి చదివి వినిపించండి. స్కాను ఎంత బాగా చదివినా పగిలిన పుర్రె పగిలినదే.

ఇక్కడ ఒక ప్రశ్న అడగక తప్పదు. కంప్యూటరు ఎవరి ఎముకలు చూచి నేర్చుకొన్నది? ఉద్దానములో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండముల వ్యాధితో ఎన్ని కుటుంబములు నలిగిపోతున్నాయో చదువరులకు చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనాయి. మూత్రపిండము చెడినవారి ఎముకలో సున్నము నిలువదు, ఎముక పెళుసుబారుతుంది, చిన్న తాకిడికే విరుగుతుంది. అటువంటి ఎముక ఎక్స్‌రేలో పలుచగా, మసకగా ఉంటుంది. బలమైన ఎముకలను మాత్రమే చూచి నేర్చుకొన్న కంప్యూటరు దీనిముందు తడబడవచ్చును. అందుకే బంగ్లాదేశములో మూడు ఆసుపత్రులనుండి 4,083 ఎక్స్‌రేలు సేకరించి 2023లో ప్రకటించిన పని మాకు విలువైనదిగా తోచింది. వాటిలో 717 విరిగిన ఎముకలవి. మనవంటి దేశములో, మనవంటి ఆసుపత్రులలో తీసిన బొమ్మలవి. మన జిల్లాల విద్యార్థులు ప్రాజెక్టు చేసేటప్పుడు ఇంటర్నెట్టులో దొరికిన విదేశీ బొమ్మలతో తృప్తిపడక, ఆసుపత్రివారి అనుమతితో, రోగి పేరు తీసివేసి, మన బొమ్మలను చేర్చగలిగితే ఎంత మేలు!

నొప్పి తెలియనివారి సంగతి మరీ జాలి గొలిపేది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు మన సంఘములకు బాగా తెలుసు. కుష్ఠువ్యాధి నరములను చంపుతుంది, దానితో నొప్పి పోతుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు, ఈ రోగుల చేతులు, పాదములు పాడగుటకు ముఖ్య కారణము స్పర్శ లేకపోవుటే అని చూపించారు. పాదములో ఎముక విరిగినా వారు దాని మీదనే నడుస్తారు. చాలాకాలముగా చక్కెర వ్యాధి ఉన్నవారిలో కొందరికి ఇదే జరుగుతుంది. పాదము వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటుంది, నొప్పి మాత్రము ఉండదు. అందరికీ నొప్పి ముందు చెబుతుంది, ఫొటో దానిని రుజువు చేస్తుంది. వీరికి ఫొటో ఒక్కటే సాక్షి. ఆ సాక్షిని రెండవసారి సరిచూచేవారు ఎవరున్నా, మనిషైనా యంత్రమైనా, మేలే.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరము జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు, అనేకులు గాయపడినారు. 2017 జనవరిలో కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పిన రాత్రి కూడా మనము మరువలేదు. అటువంటి రాత్రి ఫొటోలు ఒక్కసారిగా వచ్చిపడతాయి, చూచే కళ్లు రెండో నాలుగో. కంప్యూటరుకు వరుసక్రమము మార్చే పని ఇవ్వవచ్చును. అనుమానమున్నవి పైకి, లేనివి క్రిందికి. వైద్యుడు చూచేవి అవే ఫొటోలు, కాని తల పగిలినవాని ఫొటో ఇరవయ్యవదిగా కాక మొదటిదిగా ఆయన ముందుకు వస్తుంది. మణికట్టు కొలతల కంటె ఈ ఉపయోగమే మాకు పెద్దదిగా కనపడుతున్నది.

చివరగా ఇంట్లో చేయవలసిన పని. ఫొటోలో ఏమీ లేదన్న తరువాత కూడా వారము పది రోజులకు నొప్పి తగ్గకపోతే, లేక ముసలివారు కాలు మోపలేకపోతే, "డాక్టరు గారూ, మరల ఫొటో తీయాలా, లేక స్కాను తీయాలా?" అని అడగండి. అడుగుటకు జంకవద్దు. పాత ఫిల్ము తప్పక వెంట తీసుకొని పోవాలి, రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. కొందరు ఫిల్మును కిటికీకి అడ్డుపెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసి విశాఖలో ఉన్న అల్లుడికి వాట్సాప్‌లో పంపుతారు. పంపండి, తప్పు లేదు, కాని అలా పంపినప్పుడు బొమ్మలోని సన్నని వివరములు పోతాయి. దానిని చూచి ఎవరైనా ఏమీ లేదంటే నమ్మవద్దు. ఆసుపత్రిలో కంప్యూటరు బొమ్మనే సి.డి.లో గాని ఫోనుకు గాని ఇమ్మని అడిగితే మంచిది. ఫిల్మును చుట్టచుట్టి దూలము సందులో దోపితే వానాకాలములో చెమ్మ తగిలి పాడైపోతుంది. కవరులో పెట్టి, మడవకుండా, పొలము కాగితములున్న ట్రంకు పెట్టెలో అడుగున ఉంచండి.